నీళ్ళదీపానికి దొంగ కావలెను

పెళ్ళై నరసరావుపేట వచ్చిన ఇన్నేళ్ళలో నా బి.ఏ. పట్టా రెండే రెండు పనులకు ఉపయోగపడింది. ఒకటి, మా అత్తగారు వీధిలో నలుగురికీ చెప్పుకోవడానికి. రెండు, పట్టా ఉన్న మనిషికి నవలలు దిద్దడం వచ్చి తీరుతుందని నమ్మి పిల్లలు మా వరండా ఎక్కడానికి. మొదటిదానివల్ల ఎవరికీ నష్టం లేదు. రెండోదానివల్ల నేను ఒక కార్తీకమాసమంతా పొయ్యి మీద పాలు పొంగబెట్టుకున్నాను.

వరండా ఎక్కిన మొదటి మనిషి దయామణి. మిషన్ స్కూలు టీచరు ఆనందరావుగారి అమ్మాయి, కాలేజీలో పి.యు.సి. చదువుతోంది. వస్తూనే, "అనసూయక్కా, మనం గొలుసు నవల రాస్తున్నాం" అంది. ఆ 'మనం' చెవిన పడ్డప్పుడే నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఉంటే సరిపోయేది.

గొలుసు నవల అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకరు ఒక అధ్యాయం రాసి, కథను ఏ కొండ అంచునో వేలాడదీసి వదిలేస్తారు. ఆ తరవాతివాళ్ళు వచ్చి దాన్ని పైకి లాగాలి. లాగి, ఇంకో కొండకు వేలాడదీయాలి. ముందుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. రాసేవాళ్ళు నలుగురు. తప్పులు దిద్ది, చివరి అధ్యాయం రాసి ముడి వేయడం నా వంతు. ఫిబ్రవరిలో రీడింగ్ రూము వార్షికోత్సవానికి పుస్తకం అచ్చు కావాలి. ఇదీ ఏర్పాటు.

కథ దయామణే మొదలుపెట్టింది. కృష్ణ ఒడ్డున నల్లగుట్ట మీద ఒక కోట. కోటలో నీళ్ళదీపం. నూనె అక్కర్లేదు, కృష్ణనీళ్ళు పోస్తే వెలుగుతుంది. ఆ దీపం ఉన్నంతకాలం ఆ సీమకు కరువు రాదు. ఒకరోజు తెల్లారేసరికి దీపం లేదు. ఎవరు తీశారు? కనిపెట్టడానికి సువర్ణ అనే పిల్ల బయల్దేరుతుంది. ఆమెకు పక్షుల భాష వచ్చు. బాగానే ఉంది. చదివి నేను మురిసిపోయాను కూడా.

రెండో అధ్యాయం పుల్లారావుది. ముప్పాళ్ళ ప్రెసిడెంటుగారి అబ్బాయి, ఇక్కడ గది తీసుకుని చదువుకుంటున్నాడు. అతను రణధీరుడనే రాజకుమారుణ్ణి దింపాడు. ఆ రాజకుమారుడి కత్తి మాట్లాడుతుంది. మాట్లాడినంతసేపూ రాజకుమారుణ్ణే పొగుడుతుంది. రాజకుమారుడు దీపాన్ని వెతకడం మాని, ఊరూరా తిరిగి సాగరు కాలవ తెప్పిస్తానని జనానికి మాట ఇస్తుంటాడు.

"పుల్లారావూ, వీడు రాజకుమారుడా, ఎలక్షన్లో నిలబడుతున్నాడా?" అని అడిగాను.

"రెండూ ఒకటే గదక్కా" అన్నాడు.

మూడోది కృపావరానిది. సంఘపెద్ద బాబూరావుగారి కొడుకు, పుల్లారావు పక్క బెంచీ. అతని మనిషి యోబు, చెప్పులు కుట్టేవాడు. యోబు కుట్టిన చెప్పులు తొడుక్కుంటే నేల మీద అడుగు పడదు, చప్పుడు కాదు. అపరాధ పరిశోధన నవలలోకి ఇలాంటి చెప్పులు తెచ్చినవాడికి తెలివి ఉందో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు.

నాలుగోది అక్తర్ బేగంది. మా వీధి చివర ప్రెస్సు మీరా సాహెబుగారి రెండో అమ్మాయి. ఆమె రాసిన పిల్లకు పేరు లేదు. ముసుగు వేసుకుంటే ఎవరికీ కనబడదు, తీస్తే కనబడుతుంది.

"చానా బాగుందే, ఈ మాయ ఎట్టా తట్టింది నీకు?" అని దయామణి అడిగితే, అక్తర్ నింపాదిగా, "మాయేముంది వదినా? రోజూ బజారుకు అట్టాగే పోయొస్తున్నాగా" అంది.

నేను పిల్లలకు తినడానికి తెచ్చిన చెక్కల పళ్ళెం కింద పెట్టి ఆ పిల్లవంక మొదటిసారి సరిగ్గా చూశాను.

ఇక్కడిదాకా నాకు ఏ ఇబ్బందీ లేదు. గొడవ మూడో వారం మొదలైంది. ఆ ఆదివారం చర్చి విడిచాక కృపావరం వరండాలోకి వచ్చి కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పుల్లారావు రెండోసారి తన వంతు వచ్చినప్పుడు, దీపం గది ముందు దుమ్ములో ఒక్క అడుగుజాడ కూడా లేదని రాశాడు.

"జాడ లేదంటే ఏందిరా బావా అర్థం? మా యోబు దొంగనేగా?" అన్నాడు కృపావరం.

"నేనట్టా రాయలా. జాడ లేదన్నా. అంతే."

"జాడ పడని చెప్పులు ఊరంతటికీ ఒకడి దగ్గరేగా ఉన్నయ్యి!"

"ఉంటే నేనేం చేసేది? నువ్వెందుకు కుట్టించావు?"

పై వారం కృపావరం జవాబు రాసుకొచ్చాడు. అందులో రాజకుమారుడి కత్తి ఒక రాత్రి నిద్దట్లో పలవరిస్తూ, 'మా దొరకు అప్పులున్నాయి, కిరీటం తాకట్టులో ఉంది' అంటుంది. పుల్లారావు మొహం మిరపకాయ కళ్ళం అయింది.

"మా నాయన చదివితే ఏమనుకుంటాడు? ఊళ్ళో రెండో పార్టీవాళ్ళకి ఇది దొరికితే ఇంకేమన్నా ఉందా? మేం కాగితాలు తాకట్టు పెట్టామని చాటింపేస్తారు!"

"మీ నాయన గురించి ఎవుడు రాశాడు? రాజకుమారుడి గురించి రాశా!"

"రాజకుమారుడంటే ఎవురో మా ఊళ్ళో పసిపిల్లోడికి కూడా తెలుసు!"

నాకూ అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ సమయానికి మావారు బయటికి వచ్చారు. ఆయన మునసబు కోర్టులో వకీలు. ఇద్దరు మనుషులు గట్టిగా మాట్లాడుకుంటుంటే ఆయనకు కాళ్ళు నిలవవు, అదేదో ఒక పురుగు. పల్నాటిలో ఏ తగువైనా కోర్టుకెళ్ళడానికి రెండు రోజులు పడితే, రాజీ కావడానికి పెద్దమనుషులకు ఒక పూట చాలు. పిల్లలను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, గంటలో రాజీ కుదిర్చారు. 'ఒకరి పాత్రను ఇంకొకరు దొంగ అనరాదు. అనుమానం కలుగునట్లు రాయరాదు. ఎవరి పాత్ర పరువు వారు కాపాడుకొనవచ్చును.' అందరూ సరేనన్నారు. చేతులు కలిపారు. బావా అంటే బావా అనుకున్నారు.

"చూశావుటోయ్?" అన్నారు మావారు లోపలికి వస్తూ.

"చూశానండీ. నేరం విచారణకు రాకముందే ముద్దాయిలందరినీ విడుదల చేశారు. ఇక దొంగను నేనెక్కడ తెచ్చేది?"

"నవలే కదా, ఏదో ఒకటి కల్పించు" అని ఆయన భోజనానికి కూర్చున్నారు.

ఆ రాజీ తరవాత వచ్చిన అధ్యాయాలు దిద్దినందుకు నాకు ఎవరైనా సన్మానం చేయాలి. ప్రతివాళ్ళూ తమ వంతు రాగానే తమ మనిషి నిర్దోషి అని సాక్ష్యాలు పోగేయడమే పని. దీపం పోయిన రాత్రి రణధీరుడు కాలవ గట్టు మీద కూలీలతో కలిసి గంజి తాగుతున్నాడు, ఇద్దరు కరణాలు సాక్షులు. యోబు ఆ రాత్రంతా సత్తెనపల్లిలో ప్రార్థన కూటంలో ఉన్నాడు.

"కృపావరం, ఇది మాయల కోట. సత్తెనపల్లి ఎట్లా వచ్చింది?"

"బస్సులో పోయాడక్కా."

"కోటకు బస్సుందా?"

"లేకపోతే పొద్దుటికల్లా ఎట్టా తిరిగొస్తాడు?"

నా బి.ఏ. పట్టాతో నేను 'బస్సు'కు ఒత్తు దిద్ది ముందుకు పోయాను. దయామణి మంచి పిల్ల కనుక తన మనిషితోపాటు మిగతా అందరి మంచితనానికీ సువర్ణ చేత ఒక పేజీ ఉపన్యాసం ఇప్పించింది. చిలకలూ పావురాళ్ళూ వచ్చి సాక్ష్యం చెప్పాయి. ఒక్క అక్తర్ మాత్రం తన వంతులో ఏ సాక్ష్యమూ పెట్టలేదు. పేరులేని పిల్ల కోటలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, అందరి మాటలూ వింటూ ఉంటుంది, ఎవరూ ఆమెను ఏమీ అడగరు. అంతే రాసేది. ఆ పేజీలే నాకు దిద్దడానికి ఏమీ దొరకనివి.

అక్తర్ ఆ నవలను రాయడమే కాదు, అచ్చుకు కూర్చింది కూడా ఆమే. మీరా సాహెబుగారి ఇల్లూ ప్రెస్సూ ఒకే కప్పు కింద ఉంటాయి. వెనక గదిలో గళ్ళ పెట్టె ముందు కూర్చుని సీసపు అక్షరాలు ఏరి, వరసలు పేర్చడం చిన్నప్పుడే నేర్చుకుంది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, కోర్టు నోటీసులు, ఈ ఊళ్ళో చాలా మంది పేర్లు ఆ పిల్ల వేళ్ళ మీదుగానే కాగితమెక్కాయి. వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

ఒకరోజు మధ్యాహ్నం ప్రూఫులు తెచ్చి, వంటింటి గడప మీద కూర్చుంది. మామూలుగా నవ్వుతూ ఉండే మనిషి. ఆ రోజు నవ్వలేదు.

"అక్కా, అట్ట పేజీ మా నాన్న కూర్చాడు. చూశారా?"

చూశాను. నవల పేరు కింద రచయితల పేర్లు. కుమారి దయామణి. పుల్లారావు. కృపావరం. దాని కింద: మీరా సాహెబు గారి రెండవ కుమార్తె.

"మా అక్క పెళ్ళికార్డు నేనే కూర్చానక్కా" అంది అక్తర్. "పెళ్ళికొడుకు పేరుంది. వాళ్ళ నాన్న పేరుంది. చచ్చిపోయిన తాత పేరుంది. అడుగున మా ప్రెస్సు పేరు కూడా ఉంది. మా అక్క పేరొక్కటే లేదు. మీరా సాహెబు గారి పెద్ద కుమార్తె, అంతే. రంజాను వెళ్ళాక నా కార్డు అచ్చవుద్ది. మాచెర్ల పోతా. అక్కడ ప్రెస్సు లేదు, అత్తగారున్నారు. నా పేరు అచ్చులో చూసుకునేది ఉంటే ఇప్పుడే. ఈ పుస్తకంలోనే."

"మీ నాన్నను అడిగావా?"

"అడిగితే, ఆడపిల్ల పేరు బజార్లో పడకూడదమ్మా అన్నాడు. కోప్పడలా. అదే వచ్చింది చిక్కు. కోప్పడితే నేనూ పోట్లాడేదాన్ని."

మర్నాడు నేనే ప్రెస్సుకు వెళ్ళాను. మీరా సాహెబుగారు లేచి కుర్చీ తుడిచి వేశారు. సోడా తెప్పించారు. ఆయన మర్యాదకు మా వీధిలో సాటి లేదు. ఆ మర్యాదతోనే నా మాట ఒక్కటి కూడా చెవిన వేసుకోలేదు.

"మీ పేరు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దక్షరాల్లో ఏస్తానమ్మా. మీరు వకీలుగారి ఇంటావిడ. మా ఇళ్ళల్లో అలవాటు లేదు. మాచెర్లవాళ్ళు ఏమనుకుంటారో నాకేం తెలుసు? కుమార్తె అని ఏశాగా, అసలే ఏయకపోతే అడగండి."

"సాహెబుగారూ, దయామణి పేరు వేశారుగా?"

"ఆనందరావు మాష్టారు ఏయమన్నాడు, ఏశా. నాకు నేను ఏయమని చెప్పుకోలా."

ఇంతలో మూలనున్న కాగితాల కట్టల వంక చూపించి, అసలు సంగతి చెప్పారు. ముందు అధ్యాయాలన్నీ అచ్చయిపోయి కట్టలు కట్టి ఉన్నాయి. ఇక చివరి అధ్యాయమూ, పేర్లుండే అట్టా మిగిలాయి. మంగళవారం నుంచి ఎలక్షన్ కరపత్రాలు మొదలవుతాయి. రెండు పార్టీలవాళ్ళూ అడ్వాన్సులు ఇచ్చేశారు. ఉన్న అక్షరాలన్నీ వాటికే చాలవు.

"సోమవారం సాయంత్రానికి మీ చివరి అధ్యాయం ట్రెడిల్ మిషను మీదికి ఎక్కాలమ్మా. లేకపోతే ఎలక్షన్లయిందాకా కుదరదు. అప్పటికి మీ పిల్లకాయలకు పరీక్షలు, మా పిల్లకు పెళ్ళి. ఈ కట్టలు అట్టా పడుంటే ఎలకలు కొట్టేస్తాయి. కొండమ్మ పకోడీల బండికి ఇయ్యాల్సిందే."

అదీ పరిస్థితి. దొంగ దొరకకపోతే పుస్తకం లేదు. పుస్తకం లేకపోతే ఆ పిల్ల పేరు పడేది లేదు. పుస్తకం వచ్చినా పేరు పడేది లేదనుకోండి, అది వేరే చిక్కు. ఒకేసారి రెండు చిక్కులు విప్పడానికి నాకు రోజులు చాలవు.

శనివారం నలుగురినీ పిలిచాను. చెక్కలు పెట్టలేదు, కావాలనే.

"మీలో ఎవరో ఒకరు దొంగను ఇవ్వండి. ఎవరిస్తారు?"

అందరూ నేల చూశారు. చందాలు అడిగినప్పుడు కూడా మా ఊళ్ళో ఇంత శ్రద్ధగా నేల చూడరు.

"సువర్ణ డిటెక్టివు. డిటెక్టివే దొంగైతే ఎట్లా అక్కా?" అంది దయామణి.

"మా నాయన వార్షికోత్సవానికి అధ్యక్షుడు" అన్నాడు పుల్లారావు. "ఆయన ముందు మావాణ్ణి దొంగను చేసి చదువుతారా?"

"మా యోబును చేస్తే సంఘంలో నన్ను బతకనియ్యరు. కుట్టేవాడు కనపడంగానే దొంగనటం అందరికీ అలవాటైంది గదా అంటారు. అనరా?" అన్నాడు కృపావరం.

అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. 

"పోనీ కాకి ఎత్తుకుపోయిందందామా?" అన్నాను.

దయామణి నొచ్చుకుంది. "కాకి ఎత్తుకుపోతే సువర్ణకు మొదటిరోజే చెప్పేది కదక్కా. వాటితో రోజూ మాట్లాడుతుందిగా."

అక్తర్ కూడా అక్కడే ఉంది. మా మధ్య తన పేరులేని పిల్లలాగే కూర్చుని అందరి మాటలూ విన్నది. ఆమెను ఎవరూ అడగలేదని నాకు ఆ తరవాత గుర్తొచ్చింది. నేనూ అడగలేదు.

ఆ సాయంత్రం పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా నేను చివరి అధ్యాయం రాసేశాను. దీపాన్ని గాలి తీసుకుపోయిందని రాశాను. పెద్ద సుడిగాలి వచ్చింది, తీసుకుపోయింది, జనం మంచితనం చూసి మళ్ళీ తెచ్చి పెట్టింది. గాలికి కులం లేదు, మతం లేదు, పార్టీ లేదు, దాని తండ్రి ఏ సభకూ అధ్యక్షుడు కాడు. ఇంత చచ్చు ముగింపు నేను ఏ భాషలోనూ చదవలేదు. దాన్నే ప్రెస్సుకు పంపించి, పప్పు పోపు పెట్టుకున్నాను. పప్పు బాగా కుదిరింది.

ఆదివారం మధ్యాహ్నం మావారు నిద్రపోతుండగా అక్తర్ దొడ్డిదారిన వచ్చింది. వేళ్ళకు సీసం నలుపు. చేతిలో ప్రూఫు తడి ఆరకుండా ఉంది.

"చదవండక్కా. మీరు సంతకం పెడితేనే అచ్చుకెక్కుద్ది. నాన్న అట్టా చెప్పాడు."

చదవడం మొదలుపెట్టాను. సుడిగాలి లేదు. నా వాక్యం ఒక్కటి కూడా లేదు.

సువర్ణ అందరినీ కోటలో కూర్చోబెట్టి అడుగుతోంది. అందరూ తాము కాదని చెబుతున్నారు. అప్పుడు ఎవరూ పిలవని మూల నుంచి ఒక పిల్ల లేచి ముసుగు తీసింది. 'మీరు అందరినీ అడిగారు. నన్ను అడగలేదు. దీపం తీసింది నేను' అంది. 'నువ్వెవరు?' అని సువర్ణ అడిగింది. 'అక్తర్ బేగం' అంది ఆ పిల్ల.

అక్కడ నేను ఆగాను. గడప మీద కూర్చున్న పిల్ల గోళ్ళలో నలుపు గిల్లుకుంటోంది.

మళ్ళీ చదివాను. ఎందుకు తీశావని అడుగుతారు. 'రోజూ దీపంలో నీళ్ళు పోసేది నేను. ఒత్తి సవరించేది నేను. ఒక్కనాడు ఎవరూ నా పేరు అడగలేదు. దీపం పోతేనన్నా దీపం దగ్గర ఎవరుండేవారని అడుగుతారనుకున్నాను. అప్పుడూ మీరు చెప్పుల గురించి అడిగారు, కత్తి గురించి అడిగారు.' రణధీరుడు మొదటిసారి నోరు మూసుకుంటాడు. కత్తి కూడా. 'దీపం ఇస్తాను, నన్ను పేరు పెట్టి పిలిచి అడగండి' అంటుంది దొంగ. వాళ్ళు పిలుస్తారు. ముందు సువర్ణ, ఆ తరవాత యోబు, రాజకుమారుడు, కోటలో ఉన్నవాళ్ళంతా. పేజీ పేజీకీ అక్తర్ బేగం, అక్తర్ బేగం.

"పుల్లారావు ఒప్పుకోడే. రాజీ మాట ఏమైంది?" అన్నాను. ఏదో ఒకటి అనాలి గనుక.

"ఇంకొకళ్ళ మనిషిని దొంగ అనకూడదన్నారు బావగారు. మన మనిషిని మనం అనుకోకూడదని చెప్పలేదుగా అక్కా."

మావారు నిద్రలో ఒకవైపు నుంచి ఇంకోవైపు తిరిగిన చప్పుడైంది.

"ఇన్నిసార్లు ఎందుకే పేరు? ఒకసారి చాలదా?"

"ఒక్కసారే ఉంటే తీసెయ్యటం తేలిక. పేరు మారిస్తే లైను సైజు మారుద్ది. ఒక లైను జరిగితే దాని కిందయ్యన్నీ జరగాలి. ఇన్ని చోట్లుంటే అన్ని పేజీలూ విప్పి మళ్ళీ కూర్చాలి. రేపు సాయంత్రానికి ఎవరివల్లా కాదు."

"నువ్వు దొంగవని అచ్చవుతుందే!"

"కానియ్యండి. పేరు లేని మంచిపిల్లగా మాచెర్ల పోయేదానికంటే నయమే."

నేను కలం తీశాను. మూడో పేజీలో 'సువర్ణ'కు ఒక సున్నా ఎక్కువైంది, దాన్ని దిద్దాను. అడుగున 'అచ్చు వేయవచ్చును' అని రాసి సంతకం పెట్టాను. పట్టా చేతికొచ్చాక ఇంత సంతోషంగా పెట్టిన సంతకం ఇంకొకటి లేదు. ఆ పిల్ల ప్రూఫు పట్టుకుని చెంగు చెంగున వెళ్ళిపోయింది, గడప మీద నల్లటి వేలిముద్రలు వదిలి. మా అత్తగారికి ఏం చెప్పాలా అని గుడ్డ తడిపి తుడిచాను.

సోమవారం మధ్యాహ్నం మీరా సాహెబుగారే వచ్చారు. మామూలుగా గేటు దగ్గర దగ్గి, పిలిస్తే వచ్చే మనిషి. ఆ రోజు దగ్గలేదు. చేతిలో అదే ప్రూఫు.

"అమ్మా, చివరి అధ్యాయం మీరు సంతకం పెట్టారు."

"పెట్టానండీ."

"అందులో దొంగ పేరు చూశారా?"

"చూశాను."

"దొంగకు పెట్టడానికి మీకు మా పిల్ల పేరే దొరికిందా అమ్మా? నేను మీకు ఏం అన్యాయం చేశా?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. రాసింది నేనని ఒప్పుకుని, ఆ పేరు ఊళ్ళో ఇంకో నలుగురికి ఉందని దబాయించవచ్చు. మావారి పక్కన ఇన్నేళ్ళు ఉండి ఆ మాత్రం నేర్చుకోలేదా? నోటిదాకా వచ్చింది కూడా. కానీ దబాయిస్తే ఆ అధ్యాయం నాదవుతుంది. ఆ పిల్లకు ఉన్నది అదొక్కటే.

"నేను రాయలేదు సాహెబుగారూ. నేను రాసింది గాలి గురించి. అది ఆమె పారేసింది, మంచి పని చేసింది. ఇది మీ అమ్మాయి రాసింది."

ఆయన అరుగు మీద కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, ప్రూఫు మళ్ళీ మొదటినుంచి చదివారు. నేను లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చేసరికి మూడో పేజీలో ఉన్నారు. గ్లాసు పక్కన పెట్టినా చూడలేదు. పెదాలు కదులుతున్నాయి.

"కూర్చింది తనేనని చూడంగానే తెలిసింది" అన్నారు చివరికి. "ఎక్కడా ఒక అక్షరం వంకర లేదు. నా దగ్గర పనిచేసిన మగాళ్ళెవరూ ఇంత శుభ్రంగా కూర్చలా. కానీ రాసింది కూడా తనేనా?"

"మొదటినుంచీ తన అధ్యాయాలు తనే రాస్తోంది. మీరే అచ్చు వేశారుగా."

"అచ్చేసేవాడు చదువుతాడా అమ్మా?" అన్నారాయన. ఆ మాట నాకు చాలా సమంజసంగా తోచింది.

వీధి వైపు తల తిప్పారు. అటుగా ఏదో పార్టీ తరఫున మైకు కట్టిన జట్కా పోతోంది.

"మారిస్తే రేపు కరపత్రాలు ఆగుతాయి. రెండు పార్టీలవాళ్ళూ వచ్చి కూర్చుంటారు. మార్చకపోతే" అని ఆగి, వేళ్ళు మడుస్తూ తనలో తానే లెక్క వేసుకున్నట్టు మాట్లాడారు. "లోపలేమో దొంగ పేరు అక్తర్ బేగం. పైనేమో మీరా సాహెబు కూతురు రాసిందని ఉంటది. చదివినవాళ్ళు ఏమనుకుంటారు? ఎవరో కిట్టనివాళ్ళు మా పిల్ల పేరు దొంగకు పెట్టి సాధించారనుకుంటారు. మాచెర్లదాకా పోద్ది. అదే పైన కూడా అక్తర్ బేగం అని ఉందనుకోండి, ఓహో, రాసినామె తన పేరే సరదాకు పెట్టుకుందంటారు. కథేలే అంటారు. అంతేనా?"

"అంతే సాహెబుగారూ. పరువుగా ఉండేది అదే." నవ్వు ఆపుకోవడానికి నేను మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చాను.

"ఇది కూడా అది ముందే ఆలోచించిందంటారా?"

"నాకేం తెలుసండీ. నేను గాలి రాసుకునేదాన్ని."

ఆయన మజ్జిగ తాగి లేచారు. గేటుదాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అందరి పేర్లూ ఒకటే సైజులో ఉంటాయి. మా పిల్లకు పెద్దక్షరాలు ఏయను. ముందే చెబుతున్నా" అన్నారు.

పుస్తకం వార్షికోత్సవానికి వచ్చింది. అట్ట మీద నాలుగు పేర్లు, నాలుగోది అక్తర్ బేగం. ఒకటే సైజు. కాకపోతే ఆ పేరు కింద సన్నటి పూలగీత ఒకటి ఉంది, మిగతా మూడింటికీ లేదు. మీరా సాహెబుగారిని అడిగితే, ఆ చోట ఖాళీగా ఉంటే బాగుండదని వేశానన్నారు.

రీడింగ్ రూములో జనం పుస్తకం తిరగేసి అడిగింది ఒకటే: దొంగ పిల్ల ఇక్కడికి వచ్చిందా, ఎవరా పిల్ల అని. అక్తర్ ఆడవాళ్ళ బల్ల మీద మా అత్తగారి పక్కన కూర్చుని ఉంది. అడిగిన ప్రతివాళ్ళకూ మా అత్తగారే వేలు పెట్టి చూపించారు. రణధీరుడి గురించి ఎవరూ అడగలేదు. అధ్యక్షులవారు కూడా తన ఉపన్యాసంలో సాగరు కాలవ గురించి రెండు ముక్కలు చెప్పి, మిగతాదంతా ఆ దొంగతనం ఎంత తెలివిగా జరిగిందో చెప్పారు.

మర్నాడు పొద్దున్నే, నేను ఇంకా ముగ్గు గిన్నె కింద పెట్టకముందే, పుల్లారావూ కృపావరమూ గేటు దగ్గర నిలబడ్డారు.

"అక్కా, ఇదేం న్యాయం?" అన్నాడు పుల్లారావు. "మా రణధీరుడికి కత్తుంది, గుర్రముంది. వాడు తియ్యాలంటే దీపం ఒక లెక్కా? మమ్మల్ని ఒక్క మాట అడగాలా లేదా?"

"నీ కత్తి కోటంతా వినపడేటట్టు వాగుద్ది గదరా, నువ్వేం దొంగతనం చేస్తావు?" అన్నాడు కృపావరం. "చప్పుడు కాని చెప్పులు ఎవరియ్యి? న్యాయంగా దొంగ మావాడు. మొదటినుంచీ అందరికీ వాడి మీదే అనుమానం!"

"అప్పుడు నువ్వే గదరా ఒప్పుకోనిది!"

"నువ్వు ఒప్పుకున్నావా?"

నేను ముగ్గు గిన్నె పుల్లారావు చేతికిచ్చి, చీపురు కృపావరం చేతికిచ్చి, కాఫీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాను.